నెలకు 12,400: ఎం.టెక్ చదివే అమ్మాయిల స్టైపెండ్ సంగతి

(ఇంజనీరింగ్ విద్యార్థినుల కోసం మన సంఘం జరిపిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సదస్సులో స్టైపెండ్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇరవై ఏళ్లుగా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా కళ్లముందు జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

ఒకమ్మాయి గేట్‌లో అర్హత సంపాదించి ఎం.టెక్‌లో చేరింది. అప్పటికి పెళ్లయి ఏడాది. అత్తగారింట్లో చదువుకి ఒప్పించడానికి ఆమె దగ్గరున్న వాదన ఒక్కటే: "నెలనెలా ప్రభుత్వం స్టైపెండ్ ఇస్తుంది, మీమీద భారం పడదు" అని. ఐదు నెలలైనా డబ్బు రాలేదు. కాలేజీ ఆఫీసులో అడిగితే "పైనుంచి రాలేదమ్మా" అన్నారు. అసలు కారణం వేరు. పెళ్లి తర్వాత ఆధార్‌లో ఆమె ఇంటిపేరు మార్చారు. గేట్ స్కోరు కార్డు మీద పుట్టింటి పేరు వుంది. రెండూ కలవలేదు. ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది. "డబ్బూ లేదు, ఇంట్లో పనీ లేదు, ఎందుకా చదువు?" అన్నారు ఇంట్లో. రెండో సెమిస్టరులో ఆమె మానేసింది. ఆమె చదువు ఆపింది తెలివి చాలక కాదు, ఒక ఇంటిపేరు.

అందుకే ఈ స్టైపెండ్ ఏమిటో, ఎవరికి వస్తుందో, ఎక్కడ జారిపోతుందో వివరంగా తెలుసుకుందాం.

ఇది అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, ఇచ్చే పీజీ స్కాలర్‌షిప్. నెలకు 12,400 రూపాయలు, 24 నెలలు లేదా కోర్సు పూర్తయ్యేవరకు, ఏది ముందైతే అంతవరకు. మండలి ఆమోదం వున్న కాలేజీలో, ఆమోదించిన సీట్ల సంఖ్యకు లోబడి, పూర్తికాలపు విద్యార్థిగా చేరి వుండాలి. చేరేనాటికి గేట్ స్కోరు చెల్లుబాటులో వుండాలి. ఫార్మసీ వారికి గేట్ బదులు జీప్యాట్. ఐఐటీలు, ఎన్ఐటీల్లో చదివేవారికి ఆ సంస్థల ద్వారానే కేంద్రప్రభుత్వ అసిస్టెంట్‌షిప్ వస్తుంది.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల పిల్లలు పొరబడే చోటు ఒకటి వుంది. పీజీఈసెట్ రాసి కూడా ఎం.టెక్‌లో చేరవచ్చు. సీటు వస్తుంది, కానీ గేట్ అర్హత లేకపోతే ఈ స్టైపెండ్ రాదు. సీటు వచ్చింది గనుక డబ్బూ వస్తుందనుకుని ఇంట్లో మాట ఇచ్చేసి, తర్వాత ఇరుక్కున్నవాళ్లు ఎందరో. అలాగే ఆడపిల్లలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ డిప్లొమా, డిగ్రీ స్థాయి వారికే గాని ఎం.టెక్ వారికి కాదు.

గేట్ రాయడానికి వయోపరిమితి లేదు. ఆడవాళ్లకు ఫీజు సగమే. బి.టెక్ మూడో ఏడాదిలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మధ్యలో పెళ్లో, కాన్పో, ఉద్యోగమో వచ్చి ఆగిపోయినవాళ్లు మళ్లీ రాసి రావచ్చు. ఈ తలుపు మూసుకుపోలేదని ఇంటింటా చెప్పాలి.

ఇంకో మాట. ఈ స్టైపెండ్‌కు కుటుంబ ఆదాయంతో సంబంధం లేదు. ఇది బీదరికం చూసి చేసే దానం కాదు. అర్హత పరీక్షలో నెగ్గినందుకు, వారానికి 8 నుంచి 10 గంటలు లేబొరేటరీలోనో, తరగతిలోనో, పరిశోధనలోనో పని చేసినందుకు ఇచ్చే భృతి. కాబట్టి చెయ్యి చాచి అడగవలసిన పనిలేదు. దీంతోపాటు వేరే జీతం గాని, ఫెలోషిప్ గాని తీసుకోకూడదన్న షరతు మాత్రం గుర్తుంచుకోండి.

ఇక డబ్బు జారిపోయే చోట్లు చూద్దాం.

మొదటిది పేరు. గేట్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఈ మూడింటిలో పేరు ఒకేలా వుండాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చడం మన దగ్గర అడగకుండానే జరిగిపోతుంది. మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో వున్న పేరుతోనే మీరు బతకవచ్చు. మార్చుకోవాలనుకుంటే అది మీ నిర్ణయం, కానీ చదువు మధ్యలో మాత్రం వద్దు.

రెండోది ఖాతా. అది మీ ఒక్కరి పేరు మీద వుండాలి, ఆధార్‌తో జోడించి వుండాలి. భర్తతోనో, నాన్నతోనో కలిపిన జాయింటు ఖాతా పనికిరాదు. ఈ నిబంధన పెట్టినవాళ్లు స్త్రీల సంగతి ఆలోచించారో లేదో గాని, మనకు మాత్రం మేలే చేసింది. రెండు మూడు ఖాతాలున్నవారు, చివరిగా ఆధార్‌తో జోడించిన ఖాతాలోకే డబ్బు వెళుతుందని గుర్తుంచుకోవాలి. ఏటీఎం కార్డు, రహస్య సంఖ్య మీ దగ్గరే వుంచుకోండి.

మూడోది కాలేజీ. మీ వివరాలు పోర్టల్‌లో ఎక్కించి గుర్తింపు సంఖ్య సృష్టించేది కాలేజీయే. ప్రతినెలా మీ హాజరు ధ్రువీకరించేది కూడా కాలేజీయే. అక్కడ గుమాస్తా మరిచిపోతే, గైడ్ సంతకం ఆపితే, మీ నెల పోతుంది. డబ్బు నేరుగా మీ ఖాతాకే వస్తున్నా, మీట మాత్రం ఇంకొకరి చేతిలో వుంది. ఆ మీట చూపించి సొంత పనులు చేయించుకునేవాళ్లూ, అంతకన్నా నీచంగా ప్రవర్తించేవాళ్లూ వుంటారు. అటువంటప్పుడు ఇది స్టైపెండ్ సమస్యేనని సర్దుకోకండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. కాలేజీలో అంతర్గత కమిటీ వుండి తీరాలి.

నాలుగోది కాన్పు. ఎం.ఫిల్, పిహెచ్.డి చేసే స్త్రీలకు 240 రోజుల సెలవు ఇవ్వవచ్చని యూజీసీ 2016 నిబంధనల్లో రాసింది. డిగ్రీ, పీజీ విద్యార్థినుల ప్రసూతి సెలవుకు కూడా తగిన నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. లేఖ వేరు, అమలు వేరు. గర్భిణి అయిన విద్యార్థిని నోటిమాట నమ్మి ఇంటికి వెళ్లకూడదు. సెలవు ఎన్నాళ్లు, హాజరు ఎలా లెక్కిస్తారు, స్టైపెండ్ ఏమవుతుంది, ఈ మూడూ కాగితం మీద రాయించుకోవాలి.

ఇవన్నీ ఒక్కరే చేయడం కష్టం. చేరిన మొదటి నెలలోనే తరగతిలోని గేట్ విద్యార్థులంతా కలిసి ఆఫీసుకు వెళ్లండి. గడువు తేదీ అడిగి నోటీసు బోర్డు మీద పెట్టించండి. దరఖాస్తు ఇచ్చినప్పుడల్లా ముద్ర వేసిన నకలు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం వుంది. పది రూపాయలతో మండలిని అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చివరిగా ఒక ప్రశ్న. ఒకప్పుడు నెలకు 8,000 వుండేది. 2014-15 ప్రాంతంలో 12,400 అయింది. అప్పటినుంచి పరిశోధక విద్యార్థుల జూనియర్ ఫెలోషిప్ 25,000 నుంచి 2019లో 31,000కు, 2023లో 37,000కు పెరిగింది. ఎం.టెక్ వారి అంకె మాత్రం పదేళ్లు దాటినా కదలలేదు. హాస్టల్ మెస్ బిల్లు అలా ఆగిందా? ఊరికి దూరంగా ఒంటరిగా గది తీసుకుని వుండే అమ్మాయికి, భద్రంగా వుండే చోటు కావాలంటే ఇంకా ఎక్కువే అవుతుంది. ఈ పెంపు కోసం అడగడం కూడా మన పనే.

ఆ చదువు మానేసిన అమ్మాయి గురించి నన్ను నేను చాలాసార్లు అడుగుతాను. మొదటి నెలలోనే నేను ఆమె కాగితాలు చూసి వుంటే? అప్పుడు నాకూ ఈ నియమాలు తెలియవు. ఇప్పుడు తెలుసు. ఇవాళ మీకూ తెలిశాయి. మీ వీధిలో, మీ చుట్టాల్లో గేట్ రాసిన అమ్మాయి ఎవరైనా వుంటే, రేపు ఆమె దగ్గరికి వెళ్లి మూడు కాగితాలు పక్కపక్కన పెట్టించి పేరు సరిచూడండి. అరగంట పని. ఒక చదువు నిలబడుతుంది.