తీర్పు చెప్పేవాళ్ళని ఎవరు ఎంచుతారు?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జ్యూరీ పద్ధతి గురించి మాట్లాడమని నన్ను అడిగారు. మన కోర్టుల్లో ఇప్పుడు లేని పద్ధతి మనకెందుకని అనిపించవచ్చు. కానీ తీర్పు చెప్పే చోట ఎవరు కూర్చోవాలన్నది మనకి రోజూ ఎదురయ్యే ప్రశ్నే. అందుకే అమెరికా అనుభవం చెబుతాను.

అక్కడ తీవ్రమైన నేరంలో ముద్దాయి జ్యూరీ విచారణ కోరితే, నేరం జరిగిందా లేదా తేల్చేది మామూలు పౌరులే. ఓటర్ల జాబితా వంటి వాటినుంచి పేర్లు తీసి సమన్లు పంపుతారు. వచ్చినవాళ్ళని కోర్టులో ప్రశ్నిస్తారు: ముద్దాయి మీకు తెలుసా? బాధితురాలు చుట్టమా? మీ ఇంట్లో ఇలాంటిది జరిగిందా? పక్షపాతం ఉందని తేలితే ఎందరినైనా తప్పిస్తారు. చాలా రాష్ట్రాల్లో, కారణం చెప్పకుండా కొందరిని తప్పించే హక్కు కూడా ఇరుపక్షాల లాయర్లకీ ఉంటుంది. సాధారణంగా చివరికి 12 మంది మిగులుతారు.

వాళ్ళు సాక్ష్యం వింటారు. చట్టం ఏమిటో జడ్జి వివరిస్తాడు. తర్వాత తలుపులు మూసుకుని చర్చిస్తారు. తీవ్ర నేరాల్లో శిక్ష పడాలంటే అందరిదీ ఒకే మాట కావాలని 2020లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ వర్తింపజేసింది.

వినడానికి బాగుంది. కానీ ఆ గదిలో ఆడవాళ్ళేరి? 1957లో ఫ్లోరిడాలో గ్వెండొలిన్ హాయిట్ అనే ఆమె భర్తని చంపిందన్న కేసులో జ్యూరీ అంతా మగవాళ్ళే. అక్కడ ఆడవాళ్ళు తమంతట తాము పేరు రాయించుకుంటేనే జ్యూరీకి పిలిచేవారు. 10,000 పేర్ల జాబితాలో స్త్రీలు సుమారు 10 మంది. ఇల్లూ సంసారమే స్త్రీకి కేంద్రమంటూ 1961లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1975లో టేలర్ కేసులో ఆ పద్ధతి చెల్లదంది. ఆడా మగా అన్న కారణంతో జ్యూరీ నుంచి తప్పించకూడదని చెప్పడానికి 1994 దాకా పట్టింది. చట్టంలో చోటు రావడం ఒకటి, ఆ కుర్చీలో కూర్చోనివ్వడం ఇంకొకటి.

మన సంగతి చూద్దాం. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యూరీ బాధ్యత 21 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళకే అప్పగించింది. 1959లో నానావతి కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే, హైకోర్టు దాన్ని కొట్టేసి యావజ్జీవ శిక్ష వేసింది. 1973 కోడ్‌లో జ్యూరీకి చోటే లేదు. అయితే జడ్జీలతోనే అన్యాయం పోలేదు. 1978లో మథుర కేసులో ఒంటిమీద గాయాలు లేవన్నది ఒక కారణంగా చూపి సుప్రీంకోర్టు పోలీసుల్ని విడుదల చేసింది. దేశమంతా మహిళలు వీధికెక్కాక, 1983లో చట్టం మారింది.

ఇక మన ఊళ్ళు. భర్త కొట్టాడని ఆడమనిషి ముందు వెళ్ళేది తరచు పెద్దమనుషుల దగ్గరికే. వాళ్ళని ఎవరు ఎంచారు? నేను వెళ్ళిన ఒక పంచాయితీలో ముఖ్యంగా మాట్లాడినాయన భర్తకి మేనమామ. అది అడిగిన వాళ్ళు లేరు. అమెరికా కోర్టులో ఆయన మొదటి ప్రశ్నకే లేచి వెళ్ళాల్సి వచ్చేది.

కాబట్టి పంచాయితీకి పిలుపొస్తే మనం మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరికి ఎవరితో చుట్టరికం, బాకీ ఉంది? స్త్రీలు ఎందరు? ఆమె మాట పూర్తిగా విన్నారా? అత్యాచారం, హత్యాయత్నం వంటివి పంచాయితీలో తేల్చే విషయాలే కావని అక్కడే చెబుదాం, ఆమెతో పోలీసు స్టేషనుకి వెళదాం.

తీర్పు ఏమిటని అడిగే ముందు, తీర్పరులెవరని అడగడం మన హక్కు.