రాసుకోవడమూ హక్కే



చూపులేని బిడ్డకు కంఠతా పట్టడం నేర్పాము. తన మాట తాను రాసుకునే మార్గం ఆలోచించలేదు. 1987లో అమెరికాలో డీన్ బ్లేజీ ‘బ్రెయిల్ ఎన్ స్పీక్’ అనే చిన్న యంత్రాన్ని తెచ్చారు. దానికి తెర లేదు. ఆరు చుక్కలకు ఆరు మీటలు, ఖాళీకి ఒకటి. బ్రెయిల్‌లో నొక్కింది దాచుకుంటుంది, కోరగానే చదివి వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పక్కవారికి వినబడదు. పాఠమైనా, మనసులోని గుట్టయినా మరొకరి చేత రాయించుకోనక్కరలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపై వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు తగిన సహాయక పరికరాలను ఉచితంగా అందించాలి. అది ఖైరాత్ కాదు, హక్కు. ధ్రువపత్రం జతచేసి అర్జీ పెడదాం, రసీదు అడుగుదాం. రసీదు లేని అర్జీ గతేమిటో గుమాస్తాలుగా పనిచేసిన మాకు తెలుసు.