ఆ సంతకం ఎవరిది?

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, వెనక వరసల్లో నిలబడి ఫోన్లు పైకెత్తిన తల్లిదండ్రులకు, అద్దె గౌన్లలో చెమటలు కక్కుతున్న పట్టభద్రులకు నమస్కారం.

ఇలాంటి సభల్లో ముఖ్య అతిథి కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ సలహా మీకు ఇప్పటికే బోలెడంతమంది ఇచ్చి ఉంటారు. నేను ఆడిట్ మనిషిని. ఉద్యోగ జీవితమంతా ఇతరులు ఖర్చుపెట్టిన డబ్బుకు రసీదులు వెతకడంలోనే గడిచిపోయింది. అందుకని నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను. ప్రభుత్వ శాఖను లెక్క అడగడమే ఆ పని.

మన హైదరాబాద్‌లో మీరంతా రోజూ చూసే వంతెనతో మొదలుపెడతాను. నల్లగొండ చౌరస్తా నుంచి సైదాబాద్, ఐఎస్ సదన్ మీదుగా ఒవైసీ జంక్షన్ దాకా వేసే స్టీల్ బ్రిడ్జి. పొడవు 3.38 కిలోమీటర్లు. 2020లో పని మొదలుపెట్టినప్పుడు అంచనా సుమారు 523 కోట్లు. తరవాత అది 620 కోట్లకు చేరింది. గడువు జరిగింది, మళ్లీ జరిగింది. ఆ స్తంభాల మధ్య దుమ్ము మింగుతూ మీరు ఇంటర్ నుంచి డిగ్రీకి వచ్చారు. ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు తిట్టుకుని ఉంటారో నాకు తెలుసు. తిడితే మనసు తేలికపడుతుంది, కాదనను. కానీ తిట్టుకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఏ ఆఫీసుకూ లేదు. రాసి అడిగిన ప్రశ్నకు ఉంది.

అంచనా పెరిగిందంటే సవరించిన ఎస్టిమేట్ అనే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరో తయారు చేశారు, ఎవరో సిఫారసు చేశారు, ఎవరో మంజూరు చేశారు. ప్రతి సంతకం కిందా ఒక తేదీ ఉంటుంది. పెరగడానికి న్యాయమైన కారణమే ఉండొచ్చు. ఇరుకు రోడ్డు మీద ఆస్తులు సేకరించడం, భూమిలోని పైపులు, కేబుళ్లు మార్చడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఆ కారణం కాగితం మీద ఉందా, రాసినవాళ్ల పేరు ఉందా అన్నదే ఆడిట్ చూసేది. నిందకూ లెక్కకూ తేడా అక్కడే.

ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి కొంచెం లోపలికి తీసుకెళతాను. ప్రభుత్వ పని ఏదైనా బిల్లు కావాలంటే మెజర్‌మెంట్ బుక్కు కావాలి. ఆఫీసుల్లో ఎం-బుక్ అంటారు. దానికో నంబరు, లోపల ప్రతి పేజీకీ నంబరు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, స్వయంగా కొలిచి పొడవు, వెడల్పు, లోతు సిరాతో రాయాలి. చెరిపి రాయకూడదు. తప్పుపడితే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. పై అధికారి కొన్ని కొలతలు మళ్లీ సరిచూసి తన సంతకం చేయాలి. ఇప్పుడు చాలాచోట్ల ఇది కంప్యూటర్‌లోకి మారింది గానీ సూత్రం అదే. కొలిచినవాడి పేరు లేకుండా పైసా కదలకూడదు.

నాలా పూడికతీత బిల్లు తీసుకోండి. వేసవిలో పూడిక తీస్తారు. వానాకాలంలో నీళ్లు పోటెత్తాక ఎంత తీశారో కనిపెట్టే దారి ఉండదు. అందుకే ఆడిట్‌వాళ్లు నాలా దగ్గరికి పోయేముందు కాగితాలు చూస్తారు. తీయకముందు లోతు ఎంత, తీశాక ఎంత? లారీ ఎన్ని ట్రిప్పులు వేసింది? వేబ్రిడ్జి చీటీ ఉందా? చీటీ మీది సమయాన్నీ డంపింగ్ యార్డు దూరాన్నీ పక్కపక్కన పెడితే, ఒక లారీ ఒక రోజులో అన్ని ట్రిప్పులు తిరగగలదా? బండి నంబరు రవాణా శాఖ రికార్డులో లారీదేనా? నవ్వకండి. బిహార్ దాణా కుంభకోణంలో, 1996లో అది బయటపడ్డప్పుడు, సరుకు మోసిన వాహనాలంటూ రాసిన నంబర్లలో స్కూటర్లవి కూడా తేలాయి. వేల పేజీల దర్యాప్తు ఇలాంటి చిన్న అనుమానాల మీదే నడిచింది.

ఈ కాగితాలు నిజమో అబద్ధమో తేల్చేది చివరికి వానే. 2020 సెప్టెంబరులో సరూర్‌నగర్ తపోవన్ కాలనీ దగ్గర ఒక మనిషి స్కూటీతో సహా వరదలో కొట్టుకుపోయాడు. శవం చెరువులో దొరికింది. ఆ తరవాతి నెల, అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఈ తూర్పు వైపు కాలనీలు ఎలా మునిగాయో మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. కోదండరామ్ నగర్ వాసులకైతే ఏటా జ్ఞాపకం చేసే పని వానే చూసుకుంటుంది.

2021 ఆగస్టులో వనస్థలిపురం దగ్గర సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగు గుంటల్లోకి దించడాన్ని నేరం చేసిన చట్టం 2013 నుంచీ ఉంది. కేసు కాంట్రాక్టరు మీద పెట్టారు. పెట్టాల్సిందే. అయితే పని అప్పగించింది ఎవరు? పనివాళ్లకు పరికరాలు ఉన్నాయో లేవో చూసి సరే అనాల్సిన ఇంజనీరు ఎవరు? కాంట్రాక్టరు దాకా పోయిన ప్రశ్న పని ఆర్డరు మీది సంతకం దాకా ఎందుకు పోదు? ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు ఇచ్చేది కూడా మనమే. తప్పు చేసిన సంతకం జేబు నుంచి పోయేది ఏమీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ పేరు ఎత్తితే 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం గుర్తురాకుండా ఉండదు. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర రెండు బాంబులు పేలాయి. ఎన్‌ఐఏ లెక్క ప్రకారం 18 ప్రాణాలు పోయాయి. నేరం చేసినవాళ్ల విషయంలో చట్టం నెమ్మదిగానైనా నడిచింది. అయిదుగురికి 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ముందే ఆపాల్సింది ఎవరన్న రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. రాష్ట్రాలకు ముందే హెచ్చరిక పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే చెప్పారు. కూడలిలో కెమెరాలు పనిచేశాయా లేదా అని పెద్ద వాదం నడిచింది. అదే ఏడాది ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. జనం గుమిగూడే దుకాణాలు, సంస్థలు సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకోవాలన్నారు. మంచిదే, నేను తప్పుపట్టను. కానీ ఆ చట్టం చీరల కొట్టు యజమానికి పెట్టిన షరతులు ప్రభుత్వ సొంత కెమెరాకు ఎవరు పెడతారు? ఈ రోజు మీరు దాటి వచ్చిన కూడలి కెమెరా పనిచేస్తోందని ఏ రిజిస్టర్‌లో ఎవరు సంతకం చేశారు? ఈ ప్రశ్న అడగడానికి ఇంకో ఘోరం జరగక్కర్లేదు.

ఇప్పుడు మీకు బాగా దగ్గరి విషయం, ఉద్యోగాలు. ఈ సభలో సగం మంది రేపటి నుంచే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు చేరతారని నా అంచనా. సీఆర్ బిస్వాల్ అధ్యక్షతన వేసిన వేతన సవరణ కమిషన్ నివేదిక 2021 జనవరిలో బయటికొచ్చింది. దాని ప్రకారం తెలంగాణలో మంజూరైన పోస్టులు 4,91,304. ఖాళీలు 1,91,126. ప్రతి అయిదు కుర్చీల్లో దాదాపు రెండు ఖాళీ. ఏడాదికి పైగా గడిచాక, 2022 మార్చి 9న, అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి చెప్పిన ఖాళీలు 91,142. మధ్యలో లక్ష కుర్చీలు ఎటు పోయాయి? కొన్ని భర్తీ అయి ఉండొచ్చు, కొన్ని రద్దయి ఉండొచ్చు, లెక్క కట్టిన పద్ధతే వేరు కావొచ్చు. రెండు లెక్కలూ ప్రభుత్వానివే కాబట్టి, తేడాను శాఖలవారీగా విడమరిచి జనం ముందు పెట్టాల్సిన పనీ ప్రభుత్వానిదే.

మీకు ఆ సంఖ్య నోటిఫికేషన్. కాలనీవాడికి అదే సంఖ్య రాని ఫైరింజను, చూడని నాలా, దొరకని డాక్టరు. కుర్చీ ఖాళీగా ఉంటే ఆ పని ఆగదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆఫీసు భాషలో ఎఫ్‌ఏసీ, అంటే పూర్తి అదనపు బాధ్యతలు. ఒకే అధికారి మూడు చోట్ల సంతకం పెడతాడు. క్షేత్రంలో తిరిగేది అవుట్‌సోర్సింగ్ కుర్రాడు. జీతం ఏజెన్సీది, సంతకం చేసే అధికారం సున్నా. చూసినవాడు సంతకం పెట్టలేడు, పెట్టేవాడు చూడలేదు. ప్రమాదం జరిగాక ఇద్దరూ తమది తప్పు కాదంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. సిబ్బంది కొరతలో అసలు చేటు ఇదే. పని ఆలస్యం కావడం చిన్న నష్టం, బాధ్యుడు లేకుండా పోవడం పెద్ద నష్టం.

ఇక ఆ ఖాళీలు నింపాల్సిన సంస్థ సంగతి మీకు నేను చెప్పాలా? 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్లు లీకయ్యాయి. జరిగిపోయిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. హాస్టల్ గదుల అద్దె మాత్రం ఎవరూ రద్దు చేయలేదు.

ఇదే కుర్చీల లెక్క కోసం గడ్డిఅన్నారం వెళదాం. పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించి, వ్యాపారులు హైకోర్టు దాకా వెళ్లినా కదిలించి, ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. మంజూరు 900 కోట్లు. మెట్రోలో కొత్తపేట వైపు వెళ్లేవాళ్లు ఎన్ని అంతస్తులు లేచాయో లెక్కపెడుతూ ఉంటారు. నేను లెక్కపెట్టేది వేరే. ఎంతమంది నర్సులు, ఎంతమంది మత్తు డాక్టర్లు, ఎంతమంది ల్యాబ్ టెక్నీషియన్ల పోస్టులు ఏ జీవోలో మంజూరయ్యాయి, వాళ్ల జీతాలు ఏ పద్దులో ఉన్నాయి? కాంక్రీటుకు డబ్బు తేలిగ్గా దొరుకుతుంది, దానికి శిలాఫలకం ఉంటుంది. నర్సు జీతానికి శిలాఫలకం ఉండదు.

అడగడానికి ఆయుధం 2005 అక్టోబరు 12 నుంచీ మన చేతిలోనే ఉంది, సమాచార హక్కు చట్టం. రుసుము పది రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు, అదీ సొంత జీతంలోంచి. కానీ ఆ జరిమానా వేయాల్సిన రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేడు. రెండేళ్లకు పైగా! అప్పీళ్లు వేలల్లో పేరుకున్నాయి. రెండు ప్రభుత్వాల హయాంలో జరిగిన పని ఇది, ఒక పార్టీ నెత్తిన రుద్దడానికి వీల్లేదు. లెక్క అడిగే కుర్చీని ఖాళీగా ఉంచడం మరచిపోవడం వల్ల జరిగిందని నేను నమ్మను.

అయినా దారి లేదనకండి. మన దగ్గరే ఒక దారి వేసినవాళ్లున్నారు. 2006లో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థనే పెట్టారు. ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత ముట్టిందో అడిగారు. తరవాత ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి ఎత్తిన సంగతులు అలా బయటపడ్డాయి. తిన్న డబ్బంతా వెనక్కి రాలేదు, ఆ మాటా నిజమే. కానీ కరువు సీమలో కూలికి వెళ్లే మనిషి ముందు బిల్లు చదివి వినిపించిన ప్రభుత్వం, సైదాబాద్‌లో ఆస్తి పన్ను కట్టే మనిషికి తన నాలా బిల్లు చదివి వినిపించదు. నగరాలకు ఈ తనిఖీ ఎందుకు లేదని నా సర్వీసు పొడుగునా అడిగాను. సరైన జవాబు రాలేదు.

మీలో కొందరు రేపు ఆ కుర్చీల్లోనే కూర్చుంటారు. ఏఈగా, సెక్షన్ ఆఫీసరుగా, డాక్టరుగా, ఎస్సైగా. చూడనిది చూశానని రాయమంటారు, ‘సార్ చెప్పారు’ అంటారు. సార్ చెప్పిందేదో ఫైలు మీద రాయమని మర్యాదగా అడగండి. చాలాసార్లు సార్ అక్కడే ఆగిపోతాడు.

మిగతావాళ్లకు ఒక విన్నపం. ఈ వానాకాలం లోపల నలుగురైదుగురు కలిసి మీ వీధికి దగ్గరి పని ఒకటి పట్టుకోండి. నాలా కావొచ్చు, ఆసుపత్రి కావొచ్చు, వెలగని సిగ్నల్ కావొచ్చు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, మూడే మూడు కాగితాలు అడగండి. మంజూరైన ఎస్టిమేట్, ఎం-బుక్ పేజీల నకలు, ఆ పని చూడాల్సిన పోస్టుల్లో ఎన్ని నిండాయో చెప్పే జాబితా. జవాబు వస్తే జవాబు, రాకపోతే మీ దరఖాస్తు రసీదు తెచ్చి ఈ కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి. ప్రిన్సిపాల్ గారూ, ఆ బోర్డులో కొంచెం చోటు ఇప్పించండి.