బాధితురాలికి బాసట

అడిక్‌మెట్టుకు చేరువనే నల్లకుంట ఠాణా కలదు. 1978లో అచట ఒక నిరుపేద స్త్రీపై పోలీసులు అత్యాచారము చేసిరనియు, రిక్షా త్రొక్కు ఆమె భర్త వారి దెబ్బలకు మరణించెననియు ముక్తదర్ కమిషన్ తేల్చినది. పిదప న్యాయస్థానము వారిని విడిచిపెట్టినది. ద్రౌపది ప్రశ్నకు సభలోని పెద్దలు తలలు వంచుకొనిరి. ఇచట పెద్దలు ఆమె శీలమునే ప్రశ్నించిరి. ఓదార్చుటకు ప్రభుత్వము పక్షమున ఒక్కరును లేకపోయిరి.

2016లో నగరమున వెలసిన ‘భరోసా’ కేంద్రమున ఓదార్పు, వైద్యము, న్యాయసలహా ఒకేచోట, రుసుము లేకయే లభించును. 181కు ఫోను చేసినచో దారి చూపుదురు. ప్రైవేటు ఆసుపత్రియైనను డబ్బడుగక చికిత్స చేయవలసినదే. 1987 నాటి చట్టము ప్రకారము, ఆదాయమెంతయైనను, స్త్రీకి ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. బాధితురాలి పేరు అచ్చువేయుట నేరము. ఇరుగుపొరుగు నోళ్లకు మాత్రము ఆ భయము లేదు! 181 అను అంకెను ఈ గ్రంథాలయ ద్వారముపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. చదువురాని తల్లులకు చదివి వినిపింపుడు.