ధూళిలో దాగిన నక్షత్రములు

వేసవి సాయంకాలమున తాండూరు నాపరాతి అరుగుపై చేయి ఉంచి చూడుడు. సూర్యుడస్తమించినను చేతికి వెచ్చదనము తెలియును. పగలు గ్రహించిన వెలుగునే రాయి రాత్రివేళ కంటికి కానరాని వేడి కిరణములుగా వెలువరించును. వీనినే పరారుణ కిరణములందురు. ఆకాశమందలి ధూళియు ఇట్లే ప్రవర్తించును.

చలికాలపు రాత్రులలో మృగశిర, ఆర్ద్ర నక్షత్రముల చెంతనే వరుసగా మూడు చుక్కలు కనబడును. వాని దిగువన మంచుపొర వంటిది ఓరియన్ నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరముననున్న ఆ తావున నక్షత్రములు పుట్టుచున్నవి. అయితే అప్పుడే పుట్టిన నక్షత్రమును చుట్టునున్న దట్టమైన ధూళియే మరుగుపరచును. ఆ ధూళి నక్షత్రపు వెలుగును మ్రింగి, కొంచెము వేడెక్కి, పరారుణ కిరణములను వెలువరించును. వానిని పట్టగలిగినచో ధూళి ఎంత ఉన్నదో, ఎంత చల్లగా నున్నదో లెక్కింపవచ్చును.

చిక్కేమనగా, దీర్ఘమైన పరారుణ తరంగములను మన గాలిలోని నీటియావిరి పీల్చివేయును. అనంతగిరి కొండనెక్కినను ప్రయోజనము లేదు. అందుచే టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 100 సెంటీమీటర్ల దర్పణముగల దూరదర్శినిని బెలూనుకు కట్టి, హైదరాబాదునుండి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తునకు పంపిరి. గ్రాహకములను పరమశూన్యమునకు 0.3 డిగ్రీల దాపునకు చల్లార్చిరి. లేనిచో ఆ స్వల్పమైన వేడి పరికరపు సొంత వేడిలో కలిసిపోవును. 138, 205 మైక్రానుల తరంగములలో వారు గీసిన ఓరియన్ పటములు 2000లో ప్రచురితములైనవి. సున్నకు దిగువ 248 డిగ్రీలకన్న చల్లనైన ధూళి ఎక్కడెక్కడ వ్యాపించియున్నదో అవి చూపినవి. రాబోవు నక్షత్రములకు అట్టి చల్లని మేఘములే ముడిసరుకు.

పైకెక్కినది దిగవలెను గదా! పని ముగియగానే పరికరము పారాచూటుతో నేలకు దిగును. గాలివాటున బెలూనులు విశాఖపట్నము, హైదరాబాదు, షోలాపూరులను కలుపు రేఖ వెంబడి సాగును. వికారాబాదు, తాండూరు ప్రాంతములు ఈ దారిలోనివే. 2022 డిసెంబరులో హైదరాబాదునుండి ఎగిరిన ఒక స్పెయిన్ సంస్థవారి పరీక్షా పేటిక మర్పల్లి మండలము మొగిలిగుండ్లలో దిగగా, జనము వింతగా చూడవచ్చిరి. అది దూరదర్శిని కాదు. కాని దూరదర్శినియే దిగినప్పుడు, దర్పణమును గ్రాహకములును చెడక చేరిననే మరల ఎగురగలవు. ఆకతాయితనముగా ఒక తీగ లాగినను ఏండ్ల శ్రమ వ్యర్థము కావచ్చును. కొన్నింట అధిక విద్యుత్తు ఉండుటచే అది ప్రాణాపాయము కూడ.

కావున కందిచేనిలో అట్టి పెట్టె కనబడినచో ముట్టకుడు, కదపకుడు. దానిపై వ్రాసిన చిరునామాకు గాని, దగ్గరి పోలీసు ఠాణాకు గాని తెలుపుడు. కంటికందని చుక్కల వార్తను భద్రముగా ఇల్లు చేర్చుటలో చేను కాచు రైతుకును పాలున్నది.