దారి పక్క సైకిలు ఎవరిది?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సైకిళ్ళ షెడ్డు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అన్నారు. ఎన్ని బాగుచేశాం, ఎవరికిచ్చాం అన్న లెక్క ఈ సంచిక చివరి జమాఖర్చుల్లో ఉంది, అది మీరే చూసుకోవచ్చు. మన దాతల్లో ఒకాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే నా పని అనుకుంటున్నాను. "రోడ్డు పక్కన పడున్న సైకిలు ఎత్తుకొచ్చి, బాగుచేసి, దానం చేస్తున్నారు సరే. అసలా సైకిలు మీదేనా?" అని అడిగారాయన. చందా ఇచ్చినవాళ్ళకు ఆ మాట అడిగే హక్కుంది.

దొరికిన వస్తువును షరీఅత్‌లో లుఖతా అంటారు. జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. ఒక మనిషి వచ్చి దొరికిన సొమ్ము సంగతి అడిగితే, దాని సంచీని, కట్టిన తాడును గుర్తుపెట్టుకుని ఏడాదిపాటు చాటించమన్నారు దైవప్రవక్త (స). తప్పిపోయిన గొర్రె అయితే తీసుకోవచ్చన్నారు, లేకపోతే తోడేలు పాలవుతుంది గనక. ఒంటె మాటెత్తేసరికి మాత్రం ఆయనకు కోపం వచ్చింది. దానికి కాళ్ళున్నాయి, కడుపులో నీళ్ళున్నాయి, యజమాని వచ్చేదాకా దాని జోలికి పోవద్దన్నారు.

మరి సైకిలు గొర్రెనా, ఒంటెనా? మా షెడ్డులో రోజూ తేల్చుకోవలసింది ఇదే. బస్టాండు బయట స్టాండు వేసి, తాళం వేసి, నెల రోజులుగా దుమ్ముకొట్టుకుపోతున్న సైకిలు ఒంటె. దాని మనిషి వేరే ఊరికి కూలికి వెళ్ళి ఉండవచ్చు, ఆసుపత్రిలో పడి ఉండవచ్చు. టైర్లలో గాలి లేకపోయినా సరే, ముట్టుకోం. చెత్తకుప్ప పక్కన సీటూ చైనూ లేకుండా, ఒక చక్రం ఊడి పడున్నది గొర్రె. రేపో మాపో పాత ఇనుము బండెక్కుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండేవే తలనొప్పి.

చట్టమూ ఇంచుమించు ఇదే చెబుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్నవాడు దాన్ని నమ్మి అప్పగించిన సొమ్ములా చూసుకోవాలి. యజమాని కోసం వెతక్కుండా సొంతం చేసుకుంటే పాత ఐపీసీలో 403, ఇప్పటి న్యాయ సంహితలో 314 సెక్షన్ కింద నేరం. కాబట్టి ముందు ఆ వీధి దుకాణాల వాళ్ళను, వాచ్‌మన్‌ను అడుగుతాం. ఫ్రేము నంబరు రాసుకుంటాం. అది సీటు కింది గొట్టం మీదో, పెడళ్ళ ఇరుసు దగ్గర అడుగునో చెక్కి ఉంటుంది, కిరోసిన్ గుడ్డతో రుద్దితే బయటపడుతుంది. పోలీసు స్టేషన్లో కాగితమిచ్చి రసీదు తీసుకుంటాం. మసీదు బోర్డు మీద, ఆ వీధి టీ కొట్టు దగ్గర చీటీ అంటిస్తాం. ఏడాది ఆగుతాం.

ఇంత జాగ్రత్తకు ఇంకో కారణం కూడా ఉంది, దాచడమెందుకు? మన పేట కుర్రాడు చీకటిపడ్డాక వేరే కాలనీలోంచి పాత సైకిలు నడిపించుకుంటూ వస్తే ఎవరో ఒకరు ఆపుతారు. వాడు ఏం చెప్పినా వినరు. అందుకని సొసైటీ లెటర్‌హెడ్ మీద చీటీ లేకుండా, పెద్దవాళ్ళు ఇద్దరు తోడు లేకుండా ఎవర్నీ పంపం. పగలే వెళ్తాం.

ఒకవేళ దానం చేశాక యజమాని వస్తే? హనఫీ ఫిఖ్హ్‌లో దీనికి దారి ఉంది. యజమాని తరఫున సదకా అయిందని ఆయన ఒప్పుకుంటే పుణ్యం ఆయనది. ఒప్పుకోకపోతే ఖరీదు అడగవచ్చు, మనం ఇచ్చుకోవాలి. పేదవాడి దగ్గరికి వెళ్ళి సైకిలు వెనక్కి లాక్కోకూడదని ఇందుకోసం కొంత డబ్బు పక్కన పెట్టాం.

నిజానికి మంచి సైకిళ్ళు రోడ్డు మీద కాదు, అపార్టుమెంట్ల సెల్లార్లలో ఉన్నాయి. పిల్లాడు పెరిగాడు, స్కూటీ వచ్చింది, సైకిలు నీళ్ళ మోటారు వెనక్కి చేరింది. రంగులేయించేటప్పుడు గేటు బయట పెట్టేస్తారు. యజమానిని అడిగితే "తీసుకుపోండి బాబూ" అంటాడు. ఆ మాటే రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకుంటాం. అప్పుడది లుఖతా కాదు, హిబా.

బాగుచేసే పని చూడాలంటే షెడ్డుకు రండి. గంటకింతని అద్దె సైకిళ్ళిచ్చిన రోజుల్లో మన ఊళ్ళల్లో ఆ షాపులు చాలామటుకు సాయిబులవే. ఆ పనితనం మా ఉస్తాద్ చేతిలో ఇంకా ఉంది. ముందు ఆయన ఫ్రేము అతుకులు, ముందు ఫోర్కు చూస్తారు. చీలిక కనబడితే ఇక దాన్ని నడపనివ్వరు, విప్పి భాగాలు తీసుకుంటారు. వంకరపోయిన రిమ్మును చువ్వలు బిగించి, వదులుచేసి దారికి తెస్తారు. ఇరుసులో గోళీలు కడిగి గ్రీజు పెడతారు. పాతరకం నల్ల సైకిలైతే ఒక కంపెనీ సామాను ఇంకో కంపెనీ దానికి పడుతుంది. సాహిబాబాద్ అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు మూతపడినా, అట్లాస్ ఫ్రేము మా షెడ్డులో బతుకుతూనే ఉంది. గేర్ల సైకిళ్ళతోనే అవస్థ. సామాను దొరక్క, గేర్లు తీసేసి ఒకటే పళ్ళచక్రం పెట్టేస్తాం. బ్రేకు రబ్బర్లు, ట్యూబులు మాత్రం ఎప్పుడూ కొత్తవే. బ్రేకు పడని సైకిలు ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం మేలు.

ఆ డబ్బు ఎక్కడిదన్నది కూడా తెలియాలి. జకాత్ హక్కుదారుడి సొంతం కావాలి, దాన్నే తమ్లీక్ అంటారు. హక్కుదారుడికిచ్చే సైకిలుకు వేసే టైర్లు జకాత్‌తో కొనవచ్చని మౌలానా సాబ్ చెప్పారు. షెడ్డు అద్దె, కరెంటు, ఉస్తాద్ కూలి, పానాలు మాత్రం జకాత్ నుంచి కుదరవు, వాటికి లిల్లాహ్ డబ్బే కావాలి. రసీదు రాయించేటప్పుడు ఏ ఖాతాకో చెప్పండి. జకాత్ పెట్టె నిండుతోంది, రెండోదే ఖాళీ.

సైకిళ్ళు పుచ్చుకుంటున్న ఫోటోలు సంచికలో ఎందుకు లేవని కూడా అడిగారు. ఇళ్ళల్లో పనికి నాలుగు వీధులు నడిచే ఒకావిడ సైకిలు తీసుకుని, ముందుగా అడిగిన మాట "ఫోటో తీస్తారా?" అని. లేదన్నాకే హ్యాండిల్ పట్టుకుంది. దానం చేసి ఎత్తిచూపవద్దని బఖరా సూరా 264వ ఆయత్ చెబుతుంది కదా. ఫోటోలు ఉండవు.

ఆదివారం ఫజర్ నమాజు తర్వాత షెడ్డు తెరిచి ఉంటుంది. మీ సెల్లారులోది తెచ్చేటప్పుడు తాళంచెవి కూడా వెతికి తీసుకురండి. తాళాలు కోయడానికే ఉస్తాద్‌కు సగం పూట పోతోంది. వస్సలాం.