విశ్వవిద్యాలయ విద్యార్థికి కావలసిన ఇంగ్లీషు ఎట్టిది?

(ప్రసంగ పాఠము)



ప్రభుత్వ కార్యాలయమున ఏ వస్తువు కొనవలసి వచ్చినను అది ఎవరికి కావలెను, ఎందుకు కావలెను, ఎంత కావలెను అను ప్రశ్నలకు ముందుగా ఫైలుపై సమాధానము వ్రాయవలసి యుండును. అవసరము తేలనిదే అంచనా లేదు. అంచనా లేనిదే మంజూరు లేదు. డజను కుర్చీలకు వర్తించు ఈ నియమము, లక్షలాది విద్యార్థుల కాలమును ఆక్రమించు ఇంగ్లీషు పాఠ్యక్రమమునకు మాత్రము చాలకాలము వర్తింపలేదు. కళాశాలలో చేరినవానికి ఇంగ్లీషు కావలెనని అందరును అంగీకరించిరి. ఏ ఇంగ్లీషు, ఏ పనికి అని అడిగినవారు తక్కువ.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసిన నాటినుండి మన దేశమున ఇంగ్లీషునకు రెండు వేషములు కలవు. ఒకటి పాఠముగా చదువవలసిన సాహిత్యము. రెండవది తక్కిన శాస్త్రములను చదువుటకు సాధనము. మొదటిదానికి తరగతియు, ఉపాధ్యాయుడును, పరీక్షాపత్రమును ఏర్పడినవి. రెండవది దానంతట అదియే అబ్బునని పెద్దలు తలచిరి. పద్యమును, నాటకమును, వ్యాసమును చదివినవాడు భౌతికశాస్త్ర గ్రంథమును సులభముగ చదువగలడని వారి నమ్మకము. ఇంటిలో ఇంగ్లీషు విన్నవారికి, మంచి పాఠశాలలలో చదివినవారికి ఈ నమ్మకము కొంతవరకు నిజమైనది. పల్లెనుండి వచ్చినవానికి కాలేదు.

ఈ చిక్కును ముందుగా గుర్తించిన వారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన అవిభక్త బెంగాలున ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసెను. 1926లో బెంగాలు విద్యార్థుల ద్విభాషాస్థితిని గూర్చి గ్రంథము వెలువరించి, ఆ విద్యార్థికి అన్నిటికంటె ముందు కావలసినది ఇంగ్లీషు చదివి గ్రహించు శక్తియని వాదించెను. ఆయన ప్రయోగించిన మరియొక మాట జీవితభీమా పాలసీలు గలవారికి వెంటనే బోధపడును: అది సరెండరు విలువ. చదువు నడుమ మానిన విద్యార్థికి అంతవరకు నేర్చినదానివలన ఎంత ప్రయోజనము దక్కును? పది సంవత్సరములు పూర్తిచేసిననే ఫలమిచ్చి, అయిదవ యేట ఆపినచో చిల్లిగవ్వయు చేతికీయని పాలసీని ఎవరు కొందురు? పాఠ్యక్రమ రచయితలు వేసికొనవలసిన ప్రశ్న ఇంతకంటె సూటిగ నుండదు.

పిమ్మట హైదరాబాదున 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ స్థాపితమైనది. 1964-66లో పనిచేసిన కొఠారీ విద్యాసంఘము ఇంగ్లీషును ఉన్నతవిద్యలో గ్రంథాలయ భాషగ భావించినది. అనగా బోధన మాతృభాషలోనో ప్రాంతీయభాషలోనో జరిగినను, గ్రంథములు చదువుటకు ఇంగ్లీషు తోడు కావలెనని తాత్పర్యము. ఆ దృష్టితోనే తెలుగున డిగ్రీ పుస్తకములు సిద్ధపరచుటకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. కాలము మారినది. 2021-22 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ కోర్సులన్నియు ఇంగ్లీషు మాధ్యమముననే నడుపవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021లో నిర్ణయించినది. తెలుగు మాధ్యమపు విద్యార్థికి ఇంగ్లీషు చదువుట వచ్చిన చాలును. ఇంగ్లీషు మాధ్యమపు విద్యార్థి విని గ్రహింపవలెను, నోట్సు వ్రాసికొనవలెను, పరీక్షలో సమాధానము కూర్పవలెను. ఇరువురి పాఠ్యపుస్తకముపైనను ఇంగ్లీషు అను పేరే యుండును. అవసరములు మాత్రము వేరు.

జిల్లాకేంద్రమున ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము తీసికొన్న విద్యార్థిని ఊహింపుడు. పాఠశాలలో తెలుగున చదివినవాడు. కిరణజన్య సంయోగక్రియ యనిన అతనికి చక్కగ తెలియును. ఫొటోసింథసిస్ అను పేరును వారము దినములలో పట్టుబడును. పారిభాషిక పదములు అందరు తలచునంత కష్టము కావు, ఏలన వానిని శాస్త్రోపాధ్యాయుడు నిర్వచించి, బొమ్మ గీసి చూపును. కష్టము వానిని కలుపు సామాన్య పదములలో నున్నది. సొల్యూషన్ అను మాటకు గణితమున సాధన, రసాయనశాస్త్రమున ద్రావణము, లోకవ్యవహారమున పరిష్కారము అని అర్థములు. ప్రశ్నపత్రమున ‘అకౌంట్ ఫర్’ అనియున్నచో కారణము చెప్పుమని భావము. బ్యాంకు అకౌంటును మాత్రమే ఎరిగినవాడు అచ్చట దిక్కుతోచక నిలిచిపోవును. ‘డిస్క్రైబ్’ అనిన వర్ణింపవలెను, ‘డిస్టింగ్విష్’ అనిన భేదము చూపవలెను, ‘జస్టిఫై’ అనిన సమర్థింపవలెను. మూడింటికిని కంఠస్థము చేసిన ఒకే వ్యాసమును వ్రాసినవానికి మార్కులు తగ్గును. మందబుద్ధి యను పేరును వచ్చును. అతనికి తక్కువైనది బుద్ధి కాదు, ఒక్క క్రియాపదము.

వాక్యనిర్మాణమును అట్టిదే. ‘నిన్న వచ్చిన మనిషి’ అని తెలుగు విశేషణమును ముందు నిలుపును. ఇంగ్లీషున ‘హూ’, ‘విచ్’ అను మాటలను పట్టుకొని వివరణ నామమునకు వెనుక నడచును. శాస్త్రగ్రంథమున కర్తకును క్రియకును నడుమ అట్టి ఉపవాక్యములు రెండు మూడు చేరును. క్రియను చేరునప్పటికి విద్యార్థి కర్తను మరచును. ‘అన్‌లెస్’, ‘ప్రొవైడెడ్ దట్’ అనునవి సూత్రమును పూర్తిగ మార్చివేయును. సర్వీసు నిబంధనలు చదువు ఉద్యోగులకు ఈ రెండు మాటల మహిమ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి విషయములను ఊహించుట చాలదు, విచారించి తెలిసికొనవలెను. 1978లో జాన్ మన్‌బీ అను పండితుడు విద్యార్థి ఎవరితో, ఎచ్చట, ఏ మార్గమున, ఏ స్థాయిలో భాషను వాడునో నిర్ణయించు విస్తారమైన పద్ధతి నిర్మించెను. విద్యార్థిని గూర్చి అన్నియు అడిగెనే కాని విద్యార్థినే అడుగలేదని పిమ్మటివారు విమర్శించిరి. 1987లో హచిన్‌సన్, వాటర్స్ అనువారు అవసరమును మూడుగ విభజించిరి: చదువునకు తప్పనిసరియైనది, విద్యార్థికి కొరతయైనది, విద్యార్థి కోరునది. మూడును ఒకటి కావు. తప్పనిసరియైన దానినుండి వచ్చినదానిని తీసివేసిన మిగులునదే కొరత. కోరిక వేరు లెక్క.

తప్పనిసరియైనది పాఠ్యగ్రంథములలోను, అయిదారేండ్ల ప్రశ్నపత్రములలోను, శాస్త్రోపాధ్యాయుల మాటలలోను దొరకును. కొరత విద్యార్థుల నోట్సులలోను, జవాబుపత్రములలోను, ప్రయోగశాల రికార్డులలోను కనబడును. కోరికను వారినే అడుగవలెను. అడుగు ప్రశ్నావళి తెలుగున నుండవలెను. ఇంగ్లీషు రానివాని ఇబ్బందిని ఇంగ్లీషున వ్రాసి చెప్పుమనుట, నడువలేనివానిని నడచి వచ్చి వైద్యము పొందుమనుట వంటిది. వీనికి తోడు తరగతిలో ఎందరున్నారు, వారమునకు ఎన్ని గంటలు కలవు, బోధించువారికి ఏ శిక్షణ కలదు అనునది కూడ లెక్కకు రావలెను. నూరుగురున్న తరగతికి ఇరువదిగురకు వ్రాసిన ప్రణాళిక కాగితముననే యుండును.

విద్యార్థుల నడిగినచో అనేకులు ‘ధారాళముగ మాట్లాడవలెను’ అందురు. ఉపాధ్యాయుల నడిగినచో ‘వాక్యము తప్పులేక వ్రాసిన చాలును’ అందురు. ఒకరిది వ్యర్థమని త్రోసివేయరాదు. మాటలాడుట యనునది వారికి ఉద్యోగమునకు, ఆత్మగౌరవమునకు చిహ్నము. ఆ ఆశను చల్లార్చిన తరగతిలో వ్రాతయు సాగదు. ప్రయోగమును చేసి, దానిని తోటివారికి నోట వివరించి, పిదప రికార్డున వ్రాయునట్లు పాఠమును కూర్చినచో కోరికయు అవసరమును ఒకే గంటలో తీరును.

పదములను ఏరుటకు సాధనములును ఇప్పుడు కలవు. ఆ మైకేల్ వెస్ట్ 1953లో నిత్యోపయోగియైన సుమారు 2000 ఇంగ్లీషు పదముల పట్టికను ప్రకటించెను. న్యూజిలాండున ఎవ్‌రిల్ కాక్స్‌హెడ్ అను విదుషి 2000లో, ఆ పట్టికలో చేరనివియు అనేక శాస్త్రములకు సామాన్యమైనవియు అగు 570 పదకుటుంబములను ఎత్తి చూపెను. విద్యాగ్రంథములలోని మాటలలో ఇవి దాదాపు నూటికి పది వంతులు. దినమునకు రెండు కుటుంబముల వంతున నేర్చినను ఒక సంవత్సరము లోపలనే పూర్తియగును. కొండంత అనిపించినది లెక్కకు వచ్చినప్పుడు గుట్టయగుట ఇట్లే.

అట్లయిన సాహిత్యము గతి ఏమి అని కొందరు శంకింతురు. సాహిత్యమునకు హాని లేదు. దానిని ఇష్టపడి ఎన్నుకొన్నవారికి సాహిత్యముగనే బోధింపవలెను. రసాయనశాస్త్ర విద్యార్థికి రికార్డు వ్రాయుట నేర్పు భారమును కవిపై మోపుటవలన కవియు నలిగెను, విద్యార్థియు నలిగెను. వేరు చేసినచో ఇరువురికిని ఊరట.

పాఠ్యక్రమము ఒకసారి కూర్చిన పిమ్మట శాసనము కారాదు. విద్యార్థులు మారుదురు, పరీక్షలు మారును, మాధ్యమమే మారవచ్చును. రెండు మూడేండ్లకొకసారి జవాబుపత్రములను మరల ముందు పెట్టుకొని, కొరత తగ్గినదా అని చూడవలెను. తగ్గనిచో మార్పవలసినది పాఠ్యక్రమము, విద్యార్థి కాదు.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక శాస్త్రోపాధ్యాయుడు, ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఒకే బల్లయొద్ద కూర్చుండి, ఒక జవాబుపత్రమును కలిసి చదువవలెను. ‘ఇతనికి విషయము తెలియును, కాని చెప్పలేకపోయినాడు’ అని మొదటివాడు వ్రేలుపెట్టి చూపిన చోటనే రెండవవాని పాఠము ప్రారంభము కావలెను. తెలిసియు చెప్పలేక వెనుదిరిగిన బిడ్డలు ప్రతి ఊరను కలరు. వారు పోగొట్టుకొన్న సంవత్సరములను తిరిగి ఇచ్చుట ఎవరి తరమును కాదు. రాబోవు వారి సంవత్సరములు మాత్రము ఇంకను చేతిలోనే యున్నవి.